అవ్వ పతకం కరిగించకు

మహబూబ్‌నగర్

ప్రియమైన శీనూ,

మీ అవ్వ కుందనం పతకాన్ని కరిగించి పాపకు నెక్లెస్ చేయిస్తానని రాశావు. చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంకా దుకాణంలో ఇవ్వకపోతే కాస్త ఆగరా.

ఆ పతకాన్ని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశావా? ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పువ్వో చిలకో ఉంటే అది మీనా పని. బంగారం మీద సన్నగా గుంటలు చెక్కి, రంగుల గాజుపొడి నింపి కొలిమిలో కాలుస్తారు. ఎక్కువ వేడికి ఆగే రంగు ముందు పడుతుంది, తక్కువ వేడికే కరిగేది ఆఖర్న. ఒంటికి ఆనుకునే వైపు, ఎవరి కంటా పడని వైపు అంత పని! దర్బారు నగల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైంది ఇదే.

రాళ్ళు పొదిగేది, అంటే కుందనం పని, దీని తర్వాతే. బోలుగా ఉన్న బంగారు గూట్లో లక్క నింపుతారు, లక్క మంటకు ఆగదు కదా. మెరుపు రావడానికి రాయి కింద రేకు పరుస్తారు. ఇక మేలిమి బంగారాన్ని పల్చగా సాగగొట్టి, సన్న పట్టీలు చేసి, రాయి చుట్టూ ఉక్కు పనిముట్టుతో ఒత్తుతూ పోతారు. టంకం లేదు, మంట లేదు, మేలిమి కాబట్టి ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుంటుంది. కల్తీ కలిస్తే ఆ పట్టు రాదు.

మన ఊరికి పేరైన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొన్న జాకబ్ వజ్రం కథ నీకు తెలిసిందే. 1891లో బేరం, ఆపైన కలకత్తాలో కోర్టు గొడవ. తర్వాత అది ఆయన చెప్పులో దొరికితే, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా వాడుకున్నాడట. 184.75 క్యారెట్లు! 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలు 173 కొన్నది, 218 కోట్లకు. అందరూ ఆ వజ్రం గురించే మాట్లాడతారు. తలపాగా మీది సర్పేచులు, దండచేతుల మీది బాజుబందులు చేసిన పనివాళ్ళ పేర్లు మాత్రం ఎవరి నోటా రావు. నాకు బాధనిపించేది అక్కడే.

దండచేతులకు నగలు మనకేం కొత్త కాదులే. నల్లగొండ పక్కన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి వెళ్ళినప్పుడు స్తంభాల మీది బొమ్మల్ని దగ్గరగా చూడు. దండలకు, నడుములకు, కాళ్ళకు నగలే. రాయి మీద కూడా ఏ పూస ఎక్కడుండాలో అక్కడే చెక్కారు.

ఇంకో మాట, ఖర్చు సంగతి. దుకాణంవాడు రాళ్ళ బరువు, లక్క బరువు తీసేసి మిగిలిన బంగారానికే లెక్క కడతాడు. పనికి పైసా రాదు. రాళ్ళు కదులుతుంటే కుందనం తెలిసిన ఔసలాయనతో మళ్ళీ కూర్చోబెట్టించు. సబ్బునీళ్ళలో మాత్రం ముంచకు, తడి లోపలికి పోతే రేకు మసకబారుతుంది. పాపకు ఆ పతకాన్నే ముత్యాల పేటకు కట్టించి వెయ్యి, చాలు.

వెనక వైపు ఫోటో ఒకటి తీసి పంపు. వదినకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ రాజు