ఏప్రిల్ ఆఖరి రోజుల్లో పిల్లల చేత ఏం రాయిద్దాం?

సంపాదకులకు నమస్కారం.

మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో, మెగా డీఎస్సీలో ఎంపికై కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ‘మేడమ్, ఏడాది చివరి ఎస్‌ఏ-2 పరీక్షలు అయిపోయాక కూడా బడి కొన్ని రోజులు ఉంటుంది కదా, ఆ రోజుల్లో పిల్లలతో ఏం చేయించాలి?’ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో ‘చూచిరాత ఇచ్చెయ్యమ్మా, గొడవ ఉండదు’ అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ అమ్మాయి దాన్ని బుద్ధిగా డైరీలో రాసుకుంది. అలా రాసుకోవడం చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. విశాఖలో సముద్రం పక్కనున్న ఒక పేటలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఉద్యోగంలో చేరి 22 ఏళ్లయింది.

ఏప్రిల్‌లో టీచరుకు ఊపిరి ఆడదు. పేపర్లు దిద్దాలి, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ప్రోగ్రెస్ కార్డులు రాయాలి. ఒంటిపూట బడి కాబట్టి 7.45కి గంట కొడితే 12.30కి అన్నం తిని పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు. ఆ కాస్త సమయంలో గోల లేకుండా ఉండాలంటే ‘ఆఖరి పాఠం చూసి రాయండి’ అనడం తేలిక. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండూ దించమంటే పొద్దు గడిచిపోతుంది. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. పిల్లల వేళ్లు నొప్పి పుట్టేవి, బుర్రలోకి ఒక్క ముక్క పోయేది కాదు. నోటుపుస్తకం నిండింది కదా అని నేను సంతకం పెట్టేదాన్ని.

కొన్నేళ్ల క్రితం ఒక ఏప్రిల్‌లో, పని అయిపోక, పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టలేక ఒక మాట అన్నాను. ‘జూన్‌లో మీరు నాలుగో తరగతికి వెళ్తారు. అక్కడి మేడమ్‌కి మీరెవరో తెలీదు. మీ గురించి ఆవిడకి ఒక ఉత్తరం రాయండి. నేను దిద్దను, మార్కులు వెయ్యను. మడిచి ఆవిడకే ఇస్తాను’ అన్నాను. ఏదో రాస్తారులే అనుకుని మార్కుల పనిలో పడ్డాను. కాసేపటికి తలెత్తి చూస్తే గదిలో చప్పుడు లేదు. పెన్సిల్ చెక్కుకోవడానికి కూడా ఎవరూ లేవడం లేదు.

ఇవ్వబోయే ముందు ఆ కాగితాలు ఒకసారి చూశాను. ఒక పాప రాసింది ఇది:

‘కొత్త మేడమ్ గారికి. నన్ను రెండో వరసలో కూసోబెట్టండి. ఎనకన కూసుంటే బోర్డు మీద అచ్చరాలు కలిసిపోతాయి. నాను పక్క పిల్ల పుస్తకం సూసి రాస్తాను. అది కాపీ కాదు.’

ఆ పాప ఏడాదంతా నా తరగతిలో నాలుగో వరసలో కూర్చుంది. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూస్తోందని నేను ఎన్నిసార్లు కసిరానో లెక్క లేదు. ‘అది కాపీ కాదు’ అన్న మాట రాసింది కొత్త మేడమ్‌కి అయినా, తగిలింది నాకు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి మామ్మతో మాట్లాడాను. సెలవుల్లో కళ్ల పరీక్ష చేయిస్తే దూరపు చూపు తక్కువని తేలింది. జూన్‌లో అద్దాలు పెట్టుకుని వచ్చింది. పది నెలలు కళ్లెదుట పెట్టుకుని నేను తెలుసుకోలేనిది, ఒక ఉత్తరం రాయమని అడిగితే ఎనిమిదేళ్ల పిల్ల ఐదు వాక్యాల్లో చెప్పింది. జూన్‌లోనే అడిగి ఉంటే ఆ ఏడాది ఆ పిల్లకి దక్కేది. అందుకని ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు రాయిస్తున్నాను, బడి తెరిచిన వారంలో నాకు, ఏప్రిల్‌లో పై తరగతి టీచరుకు.

ఈ ఉత్తరం రాయించడానికి రూపాయి ఖర్చు లేదు. చార్టులు వద్దు, మెరుపు కాగితాలు వద్దు. యూట్యూబ్‌లో చూసి రంగురంగుల కార్డులు కొనిపించే టీచర్లకు నా మనవి, కూలి చేసుకునే ఇళ్లలో ఆ ముప్పై రూపాయలు కూడా ఒక పూట కూర. అయితే ‘రాయండి’ అని వదిలేస్తే మాత్రం కుదరదు. సగం మంది పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. ముందు మాట్లాడించాలి. వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టి, ‘నీ గురించి కొత్త మేడమ్‌కి తెలియాల్సింది ఒక్కటి చెప్పు’ అని అడిగితే ఒకడు ‘నాకు గుడ్డు వాసన పడదు’ అంటాడు, ఇంకొకడు ‘మా అమ్మ ఊర్లో లేదు’ అంటాడు. చెప్పిందే రాయమంటే చెయ్యి కదులుతుంది. అక్షరాలు ఇంకా పట్టుబడని ఒకటో తరగతి పిల్లల చేత బొమ్మ గీయించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు మనం కింద రాసి, వేలు పెట్టి చదివి వినిపించాలి. తన నోటి మాట కాగితం మీదకి ఎక్కడం కళ్లారా చూసిన పిల్ల మర్నాడు తనే పెన్సిల్ అడుగుతుంది.

ఇక తప్పుల సంగతి. ఆ పాప ఉత్తరంలో ‘ఎనకన’, ‘సూసి’, ‘నాను’ ఉన్నాయి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒకాయన ఇలాంటి పేజీ చూసి, ఎర్ర సిరా లేదేం అని పిల్లల ముందే అడిగారు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆరేడేళ్ల పిల్లలు విన్నట్టే రాస్తారు. మా పేటలో ‘తొందరగా’ అనరు, ‘బేగి’ అంటారు. ‘వచ్చేశాడు’ అనరు, ‘ఒచ్చీసినాడు’ అంటారు. ‘బేగి’ రాసిన పిల్లకి ‘బే’కి ఏత్వం, ‘గి’కి గుడి తెలిసినట్టే కదా. ఆ కాగితం మీద ఇరవై చోట్ల ఎర్రగా గీస్తే పిల్ల నేర్చుకునేది ఒక్కటే, తక్కువ రాస్తే తక్కువ తప్పులు అని. నా చేతి మీదుగానే అలా రాయడం మానేసిన పిల్లలు ఉన్నారు. ఆ లెక్క నాకు తెలుసు.

పుస్తకాల భాష నేర్పొద్దని కాదు. తప్పకుండా నేర్పాలి, అది నా ఉద్యోగం. నేను చేసేదేమిటంటే, పిల్ల రాసిన పేజీ జోలికి పోను. ఎదురు పేజీలో అదే సంగతి నా చేత్తో రాసి, రెండూ పక్కపక్కన చదివిస్తాను. ‘నాను’ పక్కన ‘నేను’ కనపడుతుంది. కొన్నాళ్లకి పిల్లే మార్చుకుంటుంది. పిల్ల తన మామ్మ అన్నట్టు రాసిన మాటలు మాత్రం మార్చను. ‘ఓలమ్మో, సేపలు పడనేదు’ అని మామ్మ అంటే అలాగే ఉండాలి. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మన ఉత్తరాంధ్రలోదే. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు రాసిన మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తున్నాం. ఆయన పక్క ఊళ్ల పిల్లలు ‘బేగి’ అని రాస్తే కొట్టేస్తున్నాం.

మా పేటకి ఏప్రిల్‌లో ఇంకో విశేషం ఉంది. 15వ తేదీ నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి. మామూలు రోజుల్లో పిల్లలకి కనపడని నాన్నలు, తాతలు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మా సెలవులూ ఇంచుమించు అవే రోజులు. 23న బడి మూస్తే మళ్లీ జూన్ 12నే తెరవడం. ఇంతకంటే మంచి అవకాశం ఏ బడికి ఉంటుంది? రెండేళ్ల క్రితం నా తరగతిని ‘ఇంట్లో అడిగి చేపల పేర్లు రాసుకు రండి’ అన్నాను. నాకు తెలిసినవి వంజరం, చందువ, కవ్వళ్లు, నెత్తళ్లు, సావడాయిలు, ఇలా ఓ పది పన్నెండు. పిల్లలు తెచ్చినవన్నీ బోర్డు మీద రాస్తే 31 అయ్యాయి. చదువులో వెనకబడ్డాడని నేను రాసిపెట్టుకున్న ఒక బాబు ఒక్కడే 14 తెచ్చాడు. ఏ చేప ఏ కాలంలో పడుతుందో, దేనికి ముల్లు ఎక్కువో బోర్డు దగ్గర నిలబడి నాకు చెప్పాడు. అంతకుముందు వాడు ఒక వాక్యం కంటే ఎక్కువ రాసింది లేదు. ఆ రోజు పేజీన్నర రాశాడు. కొండవాలు పేటల్లో చెట్ల పేర్లు అడగండి, పూర్ణా మార్కెట్ పక్క బడుల్లో కూరగాయల ధరలు అడగండి, సింహాచలం దగ్గర చందనోత్సవానికి ఇంటికి ఎవరెవరు చుట్టాలు వచ్చారో రాయించండి. ‘నా స్నేహితుడు’, ‘ఆవు’ మీద గైడులో ఉన్న ఆరు వాక్యాలు కాకపోతే చాలు.

సెలవుల పుస్తకం సంగతీ చెప్పాలి. ఏడాది చివర ప్రతి నోటుపుస్తకంలో ఎన్నో కొన్ని తెల్లకాగితాలు మిగులుతాయి. మామూలుగా అవి పాత పేపర్లవాడి తూకంలోకి పోతాయి. వాటిని జాగ్రత్తగా ఊడదీసి, పిల్లకి ఇరవై కాగితాల చొప్పున మడిచి, నడుమ కుట్టేస్తే పుస్తకం తయారు. మొదటిసారి నేను సూదీ దారంతో కుడితే రెండో రోజుకే ఊడిపోయాయి. ఆ చేపల బాబు వాళ్ల తాత బడికి వచ్చి చూసి, ‘ఇది ఆగదమ్మా’ అని జేబులోంచి వల బాగుచేసే నైలాన్ దారం తీశాడు. అంచున మూడు చిల్లులు పొడిచి, వల ముడి వేసి బిగించాడు. మొత్తం 26 పుస్తకాలు ఆయనే కట్టి వెళ్లాడు. ఆ ముడి ఒక్కటి కూడా ఊడలేదు. అందులో రోజూ రాయాలని నేను నియమం పెట్టను. తారీఖు వేసి, చూసింది ఒకటి, విన్నది ఒకటి రాయమంటాను, అంతే. జూన్‌లో 26లో 17 తిరిగి వచ్చాయి. కొన్నింట్లో రెండు పేజీలే ఉన్నాయి. ఒకదాన్ని చెల్లి నీళ్లలో పడేసిందట. ఫర్వాలేదు. బడి తెరిచిన వారం రోజులూ నాకు పాఠ్యపుస్తకం అవసరం రాలేదు, పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు లాక్కుని చదివారు.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ ఉత్తరాలు, పుస్తకాలు దాచడానికి బడిలో ఒక ట్రంకు పెట్టె కేటాయించండి. పై తరగతి టీచరు జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజున ఉత్తరాలు చదివాకే హాజరు తీసుకోవాలని చెప్పండి. అధికారులకు ఇంకొకటి. ఎస్‌ఏ-2 తర్వాత ఆ కాస్త రోజులూ కొత్త ఫారాలు, ఫొటోల అప్‌లోడ్లు పెట్టకండి. పిల్ల రాస్తున్నప్పుడు పక్కన కూర్చోవాల్సిన టీచరు సెల్‌ఫోన్‌లో సిగ్నల్ కోసం వరండా చివర నిలబడాల్సి వస్తోంది.

మీకూ ఒక మాట. వేసవి రెండు నెలలు వారానికి ఒకసారి మీ పత్రిక జిల్లా పేజీలో అరచెయ్యంత చోటు ఇవ్వండి. సర్కారు బడి పిల్లలు రాసింది ఒకటి, వాళ్ల మాటల్లోనే, మీ డెస్కు దిద్దకుండా వేయండి. పేరు వద్దు, తరగతి చాలు. ‘బేగి’ని ‘త్వరగా’ అని మార్చనని మాట ఇస్తే, ఈ ఏడాది పిల్లలు రాసిన వాటిలో నాలుగు వాళ్ల ఇళ్లలో అడిగి ఈ వారమే పంపుతాను.

ఆ కొత్త టీచరమ్మ ఫోన్ నంబరు తీసుకున్నాను. ఈ శనివారం బడి అయ్యాక వాళ్ల బడికి వెళ్తున్నాను. తాత ఇచ్చిన దారం ఉండలో ఇంకా సగం ఉంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం.