రాత్రికి 650 రూపాయల మంచం

శ్రీకాకుళం,
డిసెంబరు 9.

చి. బుజ్జికి,
నాన్న ఆశీస్సులు.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. పోయిన నెల బెంగళూరులో నీ దగ్గర ఉండగా, గోకర్ణం వెళ్లి స్వామి దర్శనం చేసుకొస్తానని పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను కదా. దర్శనం చేసుకున్న మాట నిజమే, కానీ అది గంటన్నర పని. మిగతా నాలుగు రోజులూ నేనున్నది సత్రంలో కాదు, హాస్టల్లో. చదువుకునే పిల్లల హాస్టల్ కాదు, ఊళ్లు తిరిగేవాళ్లు గదికి కాకుండా మంచానికి అద్దె కట్టి పడుకునేది. మన సముద్రపుటొడ్డు బారువలో నానమ్మ ఇంటిని చేద్దామని నువ్వంటున్నావే, అచ్చం అలాంటి దాంట్లో. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

"బారువలో ఇల్లు ఖాళీగా పడుంది, హాస్టల్ పెడదాం నాన్నా" అని నువ్వడిగి ఏడు నెలలైంది. నేను ఔననలేదు, కాదనలేదు. నాకు తెలియని దాని గురించి ఏం చెప్పను? ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. పేపరు చూడకుండా మార్కులు వేయడం అలవాటు లేదు. అందుకే వెళ్లి చూసొచ్చాను.

గోకర్ణ రోడ్ స్టేషన్‌లో పొద్దున్నే దిగాను. ఊరు అక్కడికి పది కిలోమీటర్లు. ఆటో అబ్బాయి నా పంచె, చేతిసంచీ చూసి నేరుగా గుడివీధికే పోనిచ్చాడు. హాస్టల్ పేరు చెబితే వెనక్కి తిరిగి నన్నొకసారి ఎగాదిగా చూశాడు. కుడ్లే బీచ్‌కి దిగే గుట్ట మీద ఎర్రరాతి గోడల ఇల్లు అది, పైన మంగళూరు పెంకు. ముందు భాగం హాస్టల్. వెనక రెండు గదుల్లో ఇంటివాళ్లే ఉంటారు. రిసెప్షన్‌లో కుర్రాడు ఆధార్ తీసుకుని "బుకింగ్ మీ అబ్బాయికా అంకుల్?" అని హిందీలో అడిగాడు. నాకేనన్నాను. మొత్తం 16 మంచాలు. అందరికీ కలిపి ఎనిమిది పడకల గది, ఆడపిల్లలకు విడిగా ఆరు పడకలది, ఇద్దరికి సరిపడే గది ఒకటి. మంచానికి రాత్రికి 650, తువ్వాలు కావాలంటే ఇంకో 50. వయసు అడ్డుపెట్టి కింది మంచం అడిగి తీసుకున్నాను.

రైల్లో సైడ్ లోయర్‌లా ఉంటుందనుకున్నా గానీ దానికంటే నయం. తల దగ్గర చిన్న లైటు, ప్లగ్గు, ఫోను పెట్టుకోవడానికి జానెడు చెక్క, అడ్డంగా లాక్కోవడానికి తెర. మంచం కింద లాకరు ఉంది, తాళం మాత్రం మనమే తెచ్చుకోవాలట. మళ్లీ గుట్ట దిగి ఊళ్లోకి పోయి తాళంకప్ప కొనుక్కొచ్చాను. ఇదంతా మనకేం కొత్త కాదులే. తిరుమలలో యాత్రికులు దిగే పి.ఏ.సి.లో లాకరు చేతిలో పెడితే హాల్లో చాపలు పరుచుకుని అంతమంది మధ్య పడుకోలేదూ? నువ్వప్పుడు రెండో తరగతి. కాకపోతే అక్కడ అందరం ఒకే పనిమీద వచ్చినవాళ్లం, కౌసల్యా సుప్రజా అనగానే అందరం లేస్తాం. ఇక్కడ ఎవరి పని వాళ్లది, ఎవరి నిద్ర వాళ్లది.

ఆ సంగతి నాకు మర్నాడు తెల్లవారుజామున తెలిసొచ్చింది. మీ అమ్మ నా సామానంతా ప్లాస్టిక్ కవర్లలో సర్దుతుంది కదా, పంచెలకొకటి, మందులకొకటి, సబ్బుకొకటి. నాలుగున్నరకు మెలకువ వచ్చి చీకట్లో పంచె కోసం తడుముతున్నాను. పగలు వినపడని ఆ కవరు చప్పుడు ఆ గదిలో కరకరా జంతికలు నమిలినట్టు వినిపిస్తోంది. మెల్లగా తీస్తే ఇంకా ఎక్కువ చప్పుడు. పై మంచం మీద కుర్రాడు అటు దొర్లాడు. ఎదుటి మంచం తెర వెనక నుంచి ఒకమ్మాయి "అంకుల్... ప్లీజ్" అంది. ఇంత మర్యాదగా, ఇంత ఏడుపు గొంతుతో నన్నెవరూ బతిమాలలేదు. అలాగే లుంగీతో బయటికొచ్చి ఆరున్నర దాకా అరుగు మీద కూర్చున్నాను. రెండో రాత్రి నుంచి తెల్లారి కట్టుకోబోయే పంచె, పళ్లపొడి ముందే దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. గురక సంగతి వాళ్లూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. పై కుర్రాడు చెవుల్లో ఏదో పెట్టుకుంటున్నాడని మాత్రం గమనించాను.

అరుగు మీద కూర్చోబట్టే ఇంటి పెద్దావిడ పరిచయమైంది. డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. సగం సైగలు, అర్థం కానిది మనవడు హిందీలో చెప్పేవాడు. ఆ హాస్టల్‌ని నడిపేది ఆ కుర్రాడనుకున్నాను. కాదు, ఆవిడ. ఖాళీ అయిన ప్రతి మంచం దుప్పటీ ఆవిడ చేతిలోంచి పోవాల్సిందే. దులుపుతుంది, ఎండకు ఎత్తిపట్టి మరక చూస్తుంది, వాసన చూస్తుంది, ఆ తర్వాతే బుట్టలో వేస్తుంది. దుప్పటి మూలన ఎర్రదారంతో మంచం నంబరు కుట్టి ఉంది. నా ఐదో నంబరు దుప్పటికి మూల చిన్న అతుకు కూడా ఉంది, బొట్టుబిళ్లంత, ఎంత సన్నటి కుట్టో! మంచానికి మూడు జతలట. ఒకటి పరుపు మీద, ఒకటి దండెం మీద, ఒకటి బీరువాలో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హాస్టల్ ఎందుకు మూసేస్తారని అడిగాను. జనం రారని చెబుతారనుకున్నా. అదీ ఉందిగానీ, ఆవిడ దండెం చూపించి తల అడ్డంగా ఊపింది. వానల్లో దుప్పట్లు ఆరవట.

నీ ఎక్సెల్ షీట్‌లో పరుపులున్నాయి, వైఫై ఉంది, గోడమీద బొమ్మలు వేసే ఆర్టిస్టుకు పాతిక వేలున్నాయి. దుప్పట్లు 12 అని ఉంది.

ఇనుము సంగతి కూడా రాయాలి. నేను పడుకున్న మంచం ఇనప గొట్టాలది. వేసి మూడేళ్లేనట, నట్లన్నీ తుప్పుపట్టి పై కుర్రాడు పక్కకు తిరిగితే కింద నాకు బండి చక్రం ఇరుసు మూలిగినట్టుండేది. ఆడపిల్లల గదిలోవి ఈమధ్యే చెక్కవి చేయించారట. ఉప్పుగాలికి ఏదీ ఆగదు. మన బారువ ఇంటి కిటికీ ఊచలు ఎలా పొరలు పొరలుగా లేచిపోయాయో చూశావుగా. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే ఇనప మంచాలు కొనకు. సోంపేటలో వడ్రంగి చేత చేయిద్దాం.

ఇక లెక్క. నాలుగు రాత్రులూ రాసుకున్నాను. బుధవారం ఐదు మంచాలు నిండాయి, గురువారం నాలుగు. శుక్ర, శనివారాలు బెంగళూరు, హుబ్బళ్లి బస్సులు దిగేసరికి ఒక్కటీ ఖాళీ లేదు. నీ లెక్కలో 12 మంచాలు, ఏడాది పొడుగునా 70 శాతం. అంటే వారానికి దాదాపు 59. నేను చూసిన తీరున మన 12 మంచాలకు లెక్కేస్తే వారంలో ఐదు రాత్రులు నాలుగేసి, రెండు రాత్రులు పన్నెండేసి, మొత్తం 44. అదీ ఓం బీచ్, కుడ్లే బీచ్, మహాబలేశ్వరుడి గుడి ఉన్న గోకర్ణంలో, అదీ సీజన్లో. బారువకు అంతమంది ఎందుకొస్తారో నువ్వు నాకు చెప్పాలి.

ఒక చిక్కు నాకు అక్కడ సాయంత్రం బీచ్‌లో కూర్చున్నప్పుడే తట్టింది. వాళ్లకు సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. ఆ గంటకోసం హాస్టల్ మొత్తం గుట్ట దిగి ఇసకలో చేరింది. మనకు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఈ పిల్లలు లేచేది తొమ్మిదింటికి! మన దగ్గరున్న సరుకు కాస్తా వాళ్లు నిద్రపోతుండగా అమ్ముడుపోకుండా పోతుంది.

ఇంకోటి. వాళ్ల సీజన్ అక్టోబరులో మొదలవుతుంది, మన తుఫాన్లూ అప్పుడే మొదలవుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిన తెల్లారి పెరట్లో కొబ్బరిచెట్లు ఎలా పడున్నాయో, ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపామో నీకు ఫోన్లో చెప్పడమే గానీ నువ్వు చూడలేదు. పన్నెండుమంది పరాయి పిల్లలు ఇంట్లో ఉండగా అలాంటి రాత్రి వస్తే ఎవరు లేచి వాళ్లను పక్కా భవనంలోకి చేరుస్తారు?

దర్శనం గురించి ఇప్పుడు చెబుతాను. చొక్కా విప్పి పంచెతో లోపలికి వెళ్లాలి. ఆత్మలింగం కథ నీకు చిన్నప్పుడు చెప్పిందే. లంకకు తీసుకుపోతున్న రావణుడికి సంధ్య వార్చుకునే వేళైంది, లింగం కింద పెట్టకూడదు, ఎదురుగా పశువులు కాసే కుర్రాడు కనిపించాడు. కాసేపు పట్టుకోమని వాడి చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు వినాయకుడు. మూడుసార్లు పిలిచి, కింద పెట్టేశాడు. రావణుడు ఎంత గుంజినా రాలేదు, ఆవు చెవిలా మెలితిరిగింది, అంతే. క్యూలో నిలబడి నేను తలుచుకున్నది శివుణ్ణి కాదు, నీ షీట్‌లో పద్నాలుగో గడిని. "మేనేజర్ - 1, జీతం 15,000."

నువ్వు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఫోన్లో బుకింగులు చూసుకుంటూ, బారువలో ఎవరినో పట్టుకోమంటావు. బుజ్జీ, నేను ఆ హాస్టల్లోంచి ఆ పెద్దావిణ్ణి తీసేసి చూశాను, మనసులో. ఏమీ మిగల్లేదు. మంచాలు మిగిలాయి. నువ్వు అక్కడుండేటట్టయితే సరే. ఒక ఏడాది ఉద్యోగానికి సెలవు పెడతావో, మానేస్తావో నీ ఇష్టం, ఆ విషయంలో నేను టెన్షన్ పడను. మీ అమ్మ పడుతుంది, నేను సర్దిచెబుతాను. మేనేజర్ని పెట్టేటట్టయితే మాత్రం తాళం ఇవ్వను.

ఊళ్లో మాట వస్తుందని నువ్వు భయపడుతున్నట్టున్నావు, మగపిల్లలు ఆడపిల్లలు ఒకే గదిలోనా అని. వస్తుంది. మొదట ఆడపిల్లలకొక గది, మగపిల్లలకొక గది పెట్టు. అందరికీ కలిపి ఒకటి తర్వాత చూద్దాం. ఆడపిల్లల గదికి బాత్రూమ్ లోపలే ఉండాలి, గడియ లోపలి వైపు గట్టిది ఉండాలి. గోకర్ణంలో అలాగే ఉంది, రాత్రి పదకొండుకు ఒంటరిగా బస్సు దిగిన అమ్మాయి కూడా నిశ్చింతగా వచ్చి పడుకుంది. విదేశీయులు వస్తే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నింపి పంపాలి, మర్చిపోకు.

అసలు చిక్కు నీళ్లు. సముద్రంలోంచి వచ్చినవాళ్లు ఇసక పోయేదాకా రెండుసార్లు పోసుకుంటారు. గోకర్ణంలో అందుకే గుమ్మం బయటే మోకాలెత్తు కుళాయి పెట్టారు, మనమూ పెట్టాలి. కానీ మన నూతి నీళ్లు వేసవిలో ఉప్పెక్కుతాయి, తాగే నీళ్లకు నానమ్మ వీధి చివరికి బిందె పట్టుకెళ్లేది. పైగా మరుగుదొడ్డి గొయ్యికీ నూతికీ మధ్య పది గజాలు లేవు. ఆ గొయ్యి పూడ్చి ఇంకోచోట తవ్వించాలి, మొదటి ఖర్చు అదే, గోడమీద బొమ్మలు కాదు.

సముద్రం వైపు లైట్లు వద్దు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొస్తాయి. పిల్లలు బయటపడ్డాక వెలుతురున్న వైపు పాకుతాయి, నీ దీపాలు చూసి వీధిలోకొస్తాయి.

ఇవన్నీ చదివి నేను వద్దంటున్నానని అనుకునేవు. ఈ హాస్టళ్ల ఆలోచన మొదట తట్టింది కూడా ఒక బడిపంతులికే తెలుసా? రిచర్డ్ షిర్మన్ అని జర్మనీలో మేస్టారు. 1909లో పిల్లల్ని నడకయాత్రకు తీసుకెళ్తుంటే గాలివాన పట్టుకుంది. ఒక ఖాళీ బడిలో గడ్డి పరిచి పడుకోబెట్టాడు. సెలవుల్లో ఊరికే తాళాలు వేసుండే బళ్లలో పిల్లలు పడుకోవచ్చు కదా అని ఆ రాత్రి అనుకున్నాడట. 1912కల్లా ఆల్టెనా కోటలో మొదటి హాస్టల్ తెరిచాడు. నానమ్మ ఇంటికి నేను తాళం వేసి ఆరేళ్లు.

మిగిలింది కొలత. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం పల్లెల్లో పోటు గీత, అంటే పోటు వేళ సముద్రపు నీళ్లు చేరే హద్దు, నుంచి 200 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు. బాగా జనం కిక్కిరిసిన ఊళ్లకు ఆ నిబంధనల 2019 నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లు చేసింది గానీ, బారువ దేని కిందికొస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ హద్దు లోపలుంటే పాత ఇంటిని ఉన్నంతలో బాగుచేసుకోవడమే తప్ప, మేడమీద నువ్వు గీసిన ఆ గది ఉండదు. వచ్చే సోమవారం సర్వేయర్ వస్తానన్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. శనివారం బయల్దేరితే ఆదివారం సోంపేటలో దిగుతావు, ఆటో మాట్లాడి ఉంచుతాను.

వచ్చేటప్పుడు మీ ఇంట్లో చెప్పుల స్టాండు మీదున్న కొత్త తాళంకప్ప పట్టుకురా. "ఇదెవరిది నాన్నా" అని నువ్వడిగితే నేను మాట మార్చాను చూడు, అదే.

మీ నాన్న