పైన వదిలే మురుగు లెక్క రోజూ చెప్పండి

సంపాదకుడు గారికి,

నీళ్లు తాగి జనం ఆసుపత్రి పాలయ్యారన్న వార్త ఎక్కడ వచ్చినా నేను అందులో ముందు వెతికేది ఒక్కటే, నమూనాలు ఎప్పుడు తీశారు అని. దాదాపు ప్రతిసారీ జబ్బులు మొదలయ్యాక "నమూనాలు ల్యాబ్‌కు పంపాం" అనే ఉంటుంది. చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. అందుకే ఈ ఉత్తరం.

తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు, మలం కలిసిందని చెప్పే ఈ-కోలై బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సరే, కానీ మామూలుగా చేసే పరీక్షలో ఆ బ్యాక్టీరియా పెరిగి కనబడటానికే 18 నుంచి 24 గంటలు పడుతుంది. నిన్నటి నీళ్లు మంచివి కావని ఇవాళ తెలుస్తుంది, అప్పటికి ఇంట్లో అందరూ తాగేసి ఉంటారు, పసిపిల్లల పాలల్లో కలిపేసి ఉంటారు. కుళాయి దగ్గర పరీక్ష మానేయమని నేను అనడం లేదు, కానీ అదొక్కటే మనకి కాపలా అనుకోవడం చాలా ప్రమాదం.

కాపలా ఇంకా పైన మొదలవ్వాలి. మురుగునీటి శుద్ధి కేంద్రం నీళ్లను నదిలోకి వదిలే చోట ఒకటి, ఆ దిగువన తాగునీటి పంపులు నీళ్లు తోడుకునే చోట ఇంకొకటి. ఈ రెండు చోట్ల అంకెలనీ ఒకే మనిషి ఒకే కాగితం మీద చూడాలి. చాలా చోట్ల మురుగు ఒక విభాగం, తాగునీరు ఇంకో విభాగం. ఒకరు వదిలిందే ఇంకొకరు తోడుకుంటున్నా ఇద్దరి రిజిస్టర్లూ వేరు.

ఈ రెండింటికీ ఎంత దగ్గర సంబంధమో అమ్మోనియా ఒక్కటి చూస్తే చాలు. సరిగ్గా శుద్ధి కాని మురుగులో అమ్మోనియా ఉంటుంది. అది కింద తాగునీటి ప్లాంటుకు చేరితే అక్కడ క్రిములను చంపడానికి వేసిన క్లోరిన్ ముందు ఈ అమ్మోనియాకే ఖర్చయిపోతుంది. నత్రజని లెక్కన ఒక్క మిల్లీగ్రాము అమ్మోనియాను వదిలించుకోవాలంటే సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ పోయాలి. పోయకపోతే క్రిములు బతుకుతాయి. అదనంగా పోస్తే నీళ్లలో మిగిలిన సేంద్రియ మలినంతో కలిసి ట్రైహాలోమీథేన్‌లు అనే కొత్త హానికర పదార్థాలు తయారవుతాయి. పైన ఎవరో పని ఎగ్గొడితే కింద ఆపరేటర్ ఎటూ తేల్చుకోలేని పరిస్థితి ఇది, తప్పు మాత్రం చివరికి అతని మీదే పడుతుంది.

పైన పని ఎక్కడ ఎగ్గొడతారు? ఎక్కువగా గాలి దగ్గర. మురుగులోని మలినాన్ని తినేది బ్యాక్టీరియానే, వాటికి ఊపిరి అందాలని బ్లోయర్లతో ట్యాంకులోకి గాలి పంపుతారు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు చూపించిన పద్ధతే ఇవాళ్టికీ ప్రపంచమంతా నడుస్తోంది. ప్లాంటులో వాడే కరెంటులో దాదాపు సగం ఈ గాలికే పోతుంది. కాబట్టి బిల్లు తగ్గించాలనుకున్న చోట రాత్రిపూట ముందు ఆగేది బ్లోయరే. కొన్ని గంటల్లో బ్యాక్టీరియా దెబ్బతింటుంది, కోలుకోవడానికి రోజులు పడుతుంది, ఈలోగా నమూనా తీసేవాళ్లు చెప్పి మరీ పగటిపూట వస్తారు. ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉందో లేదో 24 గంటలూ చూసి రాసుకునే మీటరు ఉంటే ఈ ఆటలు సాగవు.

మీటరు లేకపోతే ఏమవుతుందన్నది నా ఊహ కాదు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్‌లో పెద్ద వానకి పశువుల పేడలోని క్రిములు ఒక బావిలోకి చేరాయి. 7 మంది చనిపోయారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. అక్కడ క్లోరిన్ లెక్కలు కొలవకుండానే రిజిస్టర్‌లో రాసేవాళ్లు. నీళ్లు బాగాలేవని ల్యాబ్ చెప్పినా ఆ సంగతి ఆరోగ్య శాఖకు చెప్పకుండా దాచారు. ఆ బావి దగ్గర క్లోరిన్, టర్బిడిటీ (నీళ్ల మసక) నిరంతరం కొలిచే మీటర్లు ఉండి ఉంటే ఆ వ్యాధి వ్యాపించేదే కాదని జస్టిస్ డెనిస్ ఓకానర్ విచారణ నివేదికలో స్పష్టంగా ఉంది. రెండు మీటర్లు, అంతే. 1993లో అమెరికాలోని మిల్వాకీలో అయితే కొలుస్తూనే ఉన్నారు, శుద్ధి చేసిన నీళ్లు మసకబారుతున్నాయని ఆ కొలతలు మార్చి చివర్లోనే చూపించాయి కూడా. నీళ్లు కాచి తాగమని ప్రకటన వచ్చింది ఏప్రిల్ 7న. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల దాదాపు 4 లక్షల మంది మంచాన పడ్డారు. కొలవడం ఒక్కటే సరిపోదు, అంకె మారిన గంటలో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, పంపులు ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో ముందే రాసి పెట్టుకోవాలి.

మురుగులో కలిసే మందుల అవశేషాల సంగతి కూడా ఉంది. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ లాంటివి మామూలు శుద్ధిలో దాదాపు అలాగే బయటికి వచ్చేస్తాయి. వాటిని తీసే అదనపు శుద్ధికయ్యే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే పెట్టుకోవాలని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. న్యాయమైన పద్ధతి. కానీ ముందు బ్లోయర్ తిరగనివ్వండి.

అధికారులను నేను అడిగేది ఇదీ. మురుగు వదిలే చోట అమ్మోనియా, ట్యాంకులో ఆక్సిజన్, నీళ్లు తోడే చోట టర్బిడిటీ, కుళాయికి పంపే నీళ్లలో మిగులు క్లోరిన్, ఈ నాలుగూ నిరంతరం కొలవాలి, ఏ రోజుకు ఆ రోజు జనానికి చెప్పాలి. వానకి మురుగు పొంగి శుద్ధి చేయకుండా వదిలేస్తే ఆ గంటలోనే కింద ఉన్నవాళ్లకు కబురు వెళ్లాలి. మీటరు పాడైతే పాడైందనే రాయాలి, దాని స్థానంలో నిన్నటి అంకె వేయకూడదు.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది. రోజూ ఎండ ఎంత, వాన ఎంత అని ఒక చిన్న పెట్టె వేస్తారు కదా. దాని పక్కనే ఈ నాలుగు అంకెలకి కూడా చోటివ్వండి. ఇవ్వాల్సిన వాళ్లు ఇవ్వకపోతే ఖాళీ పెట్టె వేసి, ఇవాళ అంకెలు రాలేదని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు