పందుల మీద రాళ్లు వేయొద్దు

చిన్నీ,

ఈ కాగితాన్ని అమ్మ ఫోన్లో ఫొటో తీసి చూపిస్తుంది, అందులో చదువు. కాగితం ముట్టుకోకు. తమ్ముడికి కూడా గట్టిగా చదివి వినిపించు.

నిన్న తలుపు అవతల నుంచి అడిగావు కదా, "నాన్నా, నీకు పంది జ్వరమా? గెడ్డ దగ్గర పందులు అంటించాయా?" అని. నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చి జవాబు చెప్పలేకపోయాను. ఆ పందుల తప్పేం లేదమ్మా. తమ్ముణ్ణి వాటి మీద రాళ్లు వేయొద్దను.

పందుల్లో, పక్షుల్లో, మనుషుల్లో తిరిగే ఫ్లూ వైరస్‌లు కలగలిసి ఓ కొత్త వైరస్ పుట్టింది. నాకొచ్చిన స్వైన్ ఫ్లూ, అదే నువ్వన్న పంది జ్వరం, దానివల్లే. 2009 ఏప్రిల్లో అమెరికా, మెక్సికోల్లో బయటపడింది. మే నెలకల్లా మన హైదరాబాద్‌లో తేలింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. నేను జేబురుమాలు ముఖానికి కట్టుకుని బస్సెక్కేవాణ్ణి. ఇప్పుడది మామూలు ఫ్లూల్లో ఒకటైపోయింది. పేరుకే పందిది, అంటించుకునేది మనకి మనమే.

ఎలాగంటావా? ఆర్కే బీచ్‌లో తమ్ముడు నోటినిండా ముంత మసాలా పెట్టుకుని తుమ్మాడు, గుర్తుందా? మరమరాలు నా చొక్కా మీద, ఉల్లిముక్క నీ జడలో! మనం తుమ్మినా దగ్గినా అలాగే సన్నటి తుంపర్లు ఎగురుతాయి. మరమరాలు కాబట్టి కనిపించాయి, ఇవి కనిపించవు. అందుకే తుమ్మొస్తే మోచేయి అడ్డం పెట్టుకోవాలి. అరచేయి పెడితే అదే చేత్తో ఫ్రిజ్ తలుపు, రిమోటు, తమ్ముడి బుగ్గ... నీ సంగతి నాకు తెలీదా!

ఈ వైరస్‌కి పైన కొవ్వు తొడుగు ఉంటుంది. బజ్జీ తిన్న చేతి జిడ్డు సబ్బుకి వదిలినట్టే అదీ విడిపోతుంది. ఇరవై అంకెలు నిదానంగా లెక్కపెడుతూ రుద్దు. తమ్ముడు పన్నెండు తర్వాత పదిహేడంటాడు, వాడి లెక్క నమ్మకు.

నాకు ఐదు రోజుల మాత్రలిచ్చారు, ఇంకా రెండు రోజులవి ఉన్నాయి. జ్వరం తగ్గింది, నీరసమే మిగిలింది. నానమ్మకి షుగర్ కాబట్టి ఆవిడకి సోకితే కష్టం, అందుకే గాజువాక పంపాం. నీ మీద కోపమొచ్చి వెళ్లలేదు. మీ ఇద్దరిలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడినా, ఆయాసంగా ఉన్నా బడి పోతుందని దాచకుండా వెంటనే అమ్మకి చెప్పు.

తలుపు కింద నుంచి తోసిన నీ బొమ్మ చూశాను. పంది బాగా కుదిరింది. కానీ మాస్కు పెట్టాల్సింది దానికి కాదు, నాకు.

మీ
నాన్న