అమెరికాలో విల్లువేటకు బాణపు మొన ఎంపిక

ఒంగోలు విలువిద్య బృంద సభ్యులకు నమస్కారం. టెక్సాస్‌లో లైసెన్సు తీసుకొని జింకవేటకు వెళ్లబోతున్న మన సభ్యుల పిల్లలు మెకానికల్ మొన కొనాలా, ఫిక్స్‌డ్ మొన (రెక్కలు ముడుచుకోకుండా ఎప్పుడూ తెరిచే ఉండేది) కొనాలా అని అడుగుతున్నారు. మెకానికల్ మొనకుండే పదునైన రెక్కలు గాలిలో ముడుచుకొని ఉండి, తగిలాకే విచ్చుకుంటాయి కాబట్టి అది సాధనకు వాడే రెక్కల్లేని మొన వెళ్లే చోటికే దాదాపుగా వెళ్తుంది, కోత కూడా వెడల్పుగా పడుతుంది. అయితే ఆ విచ్చుకోవడానికే బాణపు శక్తిలో కొంత ఖర్చవుతుంది గనుక, తక్కువ బలంతోనే లాగగలిగే విల్లుతో వేస్తే లోతుగా దిగకపోవచ్చు. అటువంటి విల్లు వాడేవారు ఫిక్స్‌డ్ మొననే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఫిక్స్‌డ్ మొన రెక్కలకు గాలి తగులుతుంది కాబట్టి, బాణం తిన్నగా వెళ్లేలా విల్లును శ్రద్ధగా ట్యూన్ చేసి (సరిచేసి), వేటకు ముందు అదే మొనతో గురి సరిచూసుకోవాలి. జంతువు బాధపడకుండా వెంటనే ప్రాణం విడవాలంటే ఈ శ్రమ తప్పదు. మెకానికల్ మొనలపై నియమాలు రాష్ట్రానికో విధంగా ఉంటాయి, ముందే చూసుకోవాలి. మన దగ్గర వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టం నిషేధించింది కనుక, నల్లమల అంచు ఊళ్ల సభ్యులు ఈ మొనలతో అడవివైపు వెళ్లవద్దని కోరుతున్నాను.