మాస్టొడాన్‌లో తెలుగుకు సొంత సర్వర్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ట్విట్టర్‌ను (ఇప్పటి ఎక్స్‌ను) 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ కొన్నప్పటి నుంచి, దానికి బదులు ఎక్కడ రాసుకోవాలన్న ప్రశ్న తెలుగువారి మధ్య తరచుగా వినిపిస్తోంది. నేను కొంతకాలంగా, ట్విట్టర్ లాంటిదే అయిన మాస్టొడాన్‌లో తెలుగులో రాస్తున్నాను. విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలిని కావడం వల్ల, అక్కడికి కొత్తగా వచ్చి ఏమీ తోచక తిరిగి వెళ్లిపోయే మనవాళ్లను చూసినప్పుడల్లా, బడిలో చేరిన వారానికే మానేసిన పిల్లలు గుర్తుకొచ్చి బాధ కలుగుతోంది. వారు ఎక్కడ తడబడుతున్నారో, మన సంస్థలు పూనుకుంటే ఆ తడబాటు ఎలా తగ్గుతుందో మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాస్టొడాన్‌ను యూజెన్ రోచ్కో అనే జర్మన్ ప్రోగ్రామర్ 2016లో ప్రారంభించారు. ఇది ఒక కంపెనీ చేతిలో ఉన్న ఒకే వెబ్‌సైటు కాదు. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ సొంత సర్వర్, అంటే రాతలను భద్రపరచి అందరికీ అందించే కంప్యూటర్, నడుపుకోగల సాఫ్ట్‌వేర్. అలా ఎవరికి వారు నడుపుకుంటున్న వేలాది సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతిని, వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. తెనాలిలో డబ్బాలో వేసిన ఉత్తరం బరంపురంలో ఉన్న చుట్టానికి చేరినట్లే, ఒక సర్వర్‌లో రాసినది మరొక సర్వర్‌లో ఉన్నవారికి చేరుతుంది. అందుకే అక్కడ మన చిరునామాలో పేరుతో పాటు సర్వర్ పేరు కూడా ఉంటుంది. కొత్తవారికి మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతోంది. ఖాతా తెరవబోగానే ఏ సర్వర్ అని అడిగేసరికి, ఏది ఎంచుకుంటే ఏం నష్టమోనన్న భయంతో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. నిజానికి అంత భయం అక్కరలేదు, తరువాత మరో సర్వర్‌కు మారవచ్చు. మనల్ని అనుసరించేవారు మనతో పాటే కొత్త చోటికి వస్తారు. అయితే పాత రాతలు మాత్రం రావు, వాటిని ముందుగానే దింపుకుని దాచుకోవాలి. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక, నేను మొదట చేరిన సర్వర్ నుంచి మారినప్పుడు నాలుగు నెలల పాటు రాసిన పద్యవ్యాఖ్యలను అక్కడే వదిలి రావలసి వచ్చింది.

రెండో చిక్కు ఖాళీ గోడ. ట్విట్టర్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ మనం ఏమీ చేయకపోయినా ఏదో ఒకటి తెచ్చి కళ్ల ముందు పోస్తారు. మాస్టొడాన్‌లోని ముంగిలి పేజీలో మనం అనుసరించేవారి రాతలే, అవి రాసిన వరుసలోనే కనిపిస్తాయి. ఎవరినీ అనుసరించకపోతే ఏమీ కనిపించదు. 2019 చివరలో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, నిరసనగా మన దేశం నుంచి ఎందరో మాస్టొడాన్‌కు వచ్చారు కాని ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. మొదటి వారంలో ఆ గోడ ఖాళీగా కనిపించడమే అందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం. 2022 చివరి నుంచి అక్కడ మనుషులనే కాకుండా, # గుర్తుతో మొదలయ్యే హ్యాష్‌ట్యాగులను కూడా అనుసరించే వీలు వచ్చింది. చేరిన రోజునే తెలుగు, తెలుగు సాహిత్యం, వ్యవసాయం, ఇలా తమకు ఇష్టమైన మాటలను తెలుగు లిపిలోనే హ్యాష్‌ట్యాగులుగా అనుసరించి, తమ రాతలకు కూడా వాటినే జోడిస్తే, చెల్లాచెదురుగా ఉన్న తెలుగువారు ఒకరికొకరు దొరుకుతారు.

మూడోది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది కాని నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మాస్టొడాన్‌లో రాసే పెట్టె దగ్గరే ఆ రాత ఏ భాషలో ఉందో తెలిపే గుర్తు ఉంటుంది. మన ఫోన్లు ఇంగ్లీషులో ఉండడం వల్ల సాధారణంగా అది ఇంగ్లీషుకే అమరి ఉంటుంది. దాన్ని మార్చకుండా పోతన పద్యం రాసినా ఆ వ్యవస్థ లెక్కలో అది ఇంగ్లీషు రాతే. బహిరంగ వరుసలలో తెలుగు రాతలు మాత్రమే చూపమని కోరుకున్న పాఠకుడికి ఆ పద్యం కనిపించదు. చూపు లేనివారు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతారు, ఆ సాఫ్ట్‌వేర్ ఈ గుర్తును చూసే ఏ భాష గొంతుతో చదవాలో తెలుసుకుంటుంది. గుర్తు తప్పయితే పద్యాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. సెట్టింగులలో ఒక్కసారి తెలుగును ఎంచుకుంటే ఈ బాధ తీరిపోతుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసే అలవాటు ఉన్నవారిని కూడా నేను వేడుకునేది ఒక్కటే. కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు పాత చెదలను వెంట తీసుకువెళ్లం కదా, కొత్త చోటనైనా మన లిపితో మొదలుపెట్టండి. ఇక్కడ స్థలానికి కూడా కొరత లేదు. ట్విట్టర్ మామూలు ఖాతాకు ఇచ్చే 280 అక్షరాల లెక్కలో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఆరింటిని తినేస్తుంది, ఎందుకంటే కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో అది మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘంగా నమోదవుతుంది. మాస్టొడాన్ సాధారణ పరిమితి 500.

ఇంతవరకు చెప్పినవి ఎవరికి వారు చేసుకోగలిగిన పనులు. సంస్థలు మాత్రమే చేయగలిగిన పని మరొకటి ఉంది. ప్రతి సర్వర్‌లోనూ అక్కడివారు రాసినవన్నీ ఒకే చోట కనిపించే స్థానిక వరుస ఉంటుంది. తెలుగువారి కోసమే ఒక సర్వర్ ఉంటే ఆ వరుసే మన రచ్చబండ అవుతుంది. కొత్తగా చేరినవారికి మొదటి నిమిషంలోనే చుట్టూ తెలుగు వినిపిస్తుంది, ఖాళీ గోడ ఉండదు. జర్మనీ సమాఖ్య ప్రభుత్వ కార్యాలయాల కోసం అక్కడి సమాచార రక్షణ కమిషనర్ ఇటువంటి సర్వర్ నడుపుతున్నారు. యూరోపియన్ యూనియన్ సంస్థల కోసం 2022 ఏప్రిల్‌లో మొదలైన సర్వర్, కొనసాగించే బాధ్యత తీసుకునేవారు లేక 2024 మేలో మూతపడింది. ఆ రెండు అనుభవాలనూ చూసిన తరువాతే, ఒకరిద్దరు ఉత్సాహవంతుల సొంత ఖర్చు మీద కాకుండా, మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో ఒకటి గాని, దేశవిదేశాల తెలుగు సంఘాలు ఉమ్మడిగా గాని, మీవంటి పత్రికలు గాని ఈ పని చేపట్టాలని కోరుతున్నాను.

మన దేశంలోనే పుట్టి తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో నడిచిన కూ అనే సామాజిక మాధ్యమం 2024 జులైలో ఆగిపోయిన సంగతి పాఠకులకు తెలుసు. ఒకే కంపెనీ మీద ఆధారపడిన చోటు, ఆ కంపెనీతోనే పోతుంది. మాస్టొడాన్ సర్వర్ కూడా మూతపడవచ్చు కాని, మాస్టొడాన్ అధికారిక జాబితాలో చోటు కోరే సర్వర్లు, మూసేముందు కనీసం మూడు నెలల గడువు ఇస్తామనీ, రోజూ నకళ్లు తీసి భద్రపరుస్తామనీ మాట ఇవ్వాలి. తెలుగు సర్వర్ కూడా ఆ నియమాలకు కట్టుబడాలి.

యంత్రాల ఖర్చు కన్నా మనుషుల శ్రమే ఇక్కడ పెద్దది. పరదేశంలో కూర్చున్న నిర్వాహకుడికి మన బూతు అర్థం కాదు, కులం పేరుతో చేసే ఎత్తిపొడుపు అసలే అర్థం కాదు. ఫిర్యాదు చేసినా దానిలో తప్పేముందో ఆయనకు తెలియదు. ఆడపిల్లలు తెలుగులో నిర్భయంగా రాయాలంటే ఫిర్యాదులను చదివి అదేరోజు తీర్పు చెప్పగలిగిన, తెలుగు బాగా తెలిసిన కొందరు ఉండి తీరాలి. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. మాస్టొడాన్‌లో ఒకరికే పంపిన సందేశాన్ని కూడా ఆ సర్వర్ నిర్వాహకులు తలచుకుంటే చదవగలరు, కనుక నమ్మదగిన సంస్థ నడపడం మరీ అవసరం.

లేఖిని వంటి సాధనాలతో కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడం నేర్చుకుని, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపిన కూడలి అనే వెబ్‌సైటులో ఒకరి బ్లాగు ఒకరు వెతుక్కుని చదువుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. ఆ పనులు చేసినవారు ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడలేదు. ఈ సర్వర్‌ను నెలకొల్పడానికి ఏ సంస్థ ముందుకు వచ్చినా, ఫిర్యాదులు చదివే పనికి రోజుకు రెండు గంటలు జీతం లేకుండా ఇవ్వడానికి నేను సిద్ధం. నాతో పాటు పనిచేసిన మరో ముగ్గురు ఉపాధ్యాయులు కూడా ఒప్పుకున్నారు. ఆసక్తి ఉన్న సంస్థలు మీ కార్యాలయం ద్వారా తెలియజేస్తే, మా వివరాలు మీకు పంపుతాము.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
తెనాలి