హాస్టల్ గదులకూ లక్కీ డిప్ తీయించండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చి తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి తండ్రిని నేను. హాస్టల్ గదుల కేటాయింపు గురించి ప్రిన్సిపాల్ గారికి రెండుసార్లు, సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఒకసారి అర్జీ ఇచ్చాను. మూడింటికీ రసీదులు ఉన్నాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందువల్లనే నలుగురి ముందు అడగవలసి వచ్చింది.

డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో విడతలవారీగా జరుగుతాయని తమకు తెలియనిది కాదు. మా అమ్మాయికి రెండో విడతలో సీటు వచ్చింది. హాస్టల్‌ను మాత్రం ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో నింపేస్తారు కనుక, మేము తెల్లవారుజామున బయలుదేరి నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ట్రంకు పెట్టెతో చేరేసరికి కొత్త బ్లాకు నిండిపోయింది. పాత బ్లాకులో, స్నానాల గదుల గోడను ఆనుకుని ఉన్న గదిలో తొమ్మిదో మనిషిగా చోటిచ్చారు. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. అది మురుగుకాల్వ వైపు ఉండడంతో పిల్లలు దాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతారు. నవంబరు వానలకు గోడ చెమ్మెక్కి రికార్డు పుస్తకాలు తడిసిపోతే, పరీక్షల ముందు మా అమ్మాయి రెండు రికార్డులు మొదటి నుంచి మళ్లీ రాసుకుంది. కొత్త బ్లాకులో గదికి ముగ్గురే ఉంటారు. అక్కడివారు కట్టే ఫీజు, మెస్ బిల్లు మేము కట్టేవాటితో సమానం.

దసరా సెలవుల తర్వాత కొత్త బ్లాకులో రెండు మంచాలు ఖాళీ అయ్యాయి. అవి మా అమ్మాయి కంటే నెల ఆలస్యంగా చేరినవారికి దక్కాయి, వారిలో ఒకరికి తిరుపతిలోనే సొంత ఇల్లుంది. సిఫారసు లేఖ వచ్చిందని వార్డెన్ గారే చెప్పారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వరుసలో నిలబడమని మాకు చెప్పి, వరుస లేని దారి మరొకరికి తెరవడం మాత్రం అన్యాయం.

బయట ప్రైవేటు హాస్టల్‌లో నెలకు 5,500 అడిగారు. విద్యార్థుల వసతి, భోజన ఖర్చుల కోసం ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన వసతి దీవెన పథకంలో డిగ్రీ విద్యార్థికి ఏడాదికి లెక్కగట్టిన 20,000 ఆ రేటుకు నాలుగు నెలలకైనా చాలదు.

పాత గదుల్లో ఎవరో ఒకరు ఉండక తప్పదు కదా అని కార్యాలయంలో ఒకరు అన్నారు. నిజమే, కానీ చదువు పూర్తయ్యేదాకా వాళ్లే ఉండనక్కరలేదు. తిరుమలలో శ్రీవారి సుప్రభాత సేవకు ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు. టికెట్ రానివారు కూడా దాన్ని అంగీకరిస్తున్నారంటే, అందరి పేర్లూ ఒకే డిప్‌లో పడతాయన్న నమ్మకం వల్లనే. ఆ కొండ కింద ఉన్న కాలేజీలో గదులకు డిప్ తీయడం అసాధ్యమా? ఆస్తమా ఉన్నవారికి, మెట్లెక్కలేనివారికి ముందుగా అనువైన గదులిచ్చి, మిగిలినవాటిని అన్ని విడతల ప్రవేశాలూ ముగిశాకే పిల్లలందరి ఎదుట డిప్ తీసి, ఏటా మార్చమని కోరుతున్నాను. ఎవరికి ఏ గది, ఎందుకు ఇచ్చారో నోటీసు బోర్డులో పెట్టించండి. మధ్యలో ఖాళీ అయిన మంచానికి కూడా ఇదే పద్ధతి ఉండాలి.

వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఉత్తర్వు ఇప్పించవలసిందిగా చేతులు జోడించి వేడుకుంటున్నాను. నా మూడు అర్జీల రసీదుల నకళ్లు ఈ లేఖకు జతపరిచాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి